విడాకులు: కోర్టు గుమ్మం నుండి డిక్రీ దాకా

సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం కార్యదర్శి వచ్చి అడిగినప్పుడు, "కవితలు చాలా వచ్చాయండీ, మీరు మీ వృత్తికి సంబంధించింది ఏదైనా ఇవ్వండి" అన్నాడు. మా రోజుల్లోనూ సంచికకు కవితల కొరత ఉండేది కాదు. ఈ కళాశాలలోనే బి.ఏ. చదివి, ఆ తరువాత లా పూర్తిచేసి, జిల్లా కోర్టులో ఎక్కువగా కుటుంబ తగాదాలే చూస్తున్నవాణ్ణి కనుక నాకు తెలిసిన సంగతే వ్రాస్తున్నాను. పెళ్ళికాని పిల్లలు చదివే పుస్తకంలో విడాకుల గొడవేమిటని ఎవరైనా ముక్కున వేలేసుకోవచ్చు. పెళ్ళి గురించి చెప్పడానికి పురోహితుడు మొదలుకొని పిన్నిగారి దాకా బోలెడుమంది ఉన్నారు. ఇది చెప్పేవాళ్ళే లేరు. అవసరం వచ్చిన రోజున సగం తెలిసినవాళ్ళు చెప్పిన మాట విని నడవటం వల్ల జరిగే నష్టం ఎంతో నేను వారం వారం చూస్తూనే ఉన్నాను.

ముందుగా సినిమాల సంగతి. మన సినిమాల్లో భర్తో భార్యో ఒక కవరు తెచ్చి బల్లమీద పడేస్తారు. "విడాకుల కాగితాలు! సంతకం పెట్టు!" అంటారు. రెండోవాళ్ళు కన్నీళ్ళతో సంతకం పెడతారు. నేపథ్య సంగీతం వస్తుంది. అంతటితో పెళ్ళి రద్దు! నిజానికి అలా ఎన్ని కాగితాలమీద ఎన్ని సంతకాలు పెట్టినా హిందూ వివాహం రద్దు కాదు. లాయరు పంపిన నోటీసు విడాకులు కాదు. పదేళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడకపోయినా అది విడాకులు కాదు. అధికారం గల కోర్టు డిక్రీ ఇస్తేనే విడాకులు. దీనికి ఒకే ఒక మినహాయింపు ఉంది, అదే కులాచారం. అసలు చిక్కంతా అక్కడే ఉంది కనుక దాని దగ్గర కాస్త నిదానంగా నిలబడదాం.

మన పల్లెల్లో కొన్ని కులాల్లో తరతరాలుగా పెద్దమనుషుల ఎదుట తెగతెంపులు చేసుకోవడం, ఆ తరువాత మారుమనువు చేసుకోవడం ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దీన్ని తుడిచిపెట్టలేదు. 29వ సెక్షను రెండవ ఉపసెక్షను ఆచారం గుర్తించిన విడాకుల హక్కును అలాగే ఉంచింది. ఇంతవరకు బాగానే ఉంది. కాని కోర్టులో ఆ ఆచారాన్ని రుజువు చేయాలి. మా కులంలో ఈ ఆచారం ఉంది, చాలాకాలంగా ఎడతెగకుండా నడుస్తోంది, ఫలానా పద్ధతిలో జరుగుతుంది అని పిటీషనులో చెప్పుకోవాలి, సాక్ష్యంతో నిలబెట్టాలి. ఆచారం ఉందని చెప్పుకోకుండా, రుజువు చేయకుండా చేతిలో విడుదల పత్రం ఒక్కటి పట్టుకుంటే చాలదని సుప్రీంకోర్టు 2002లో యమనాజీ జాదవ్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ ఆచారం లేని కులంవాళ్ళు నోటరీ దగ్గర స్టాంపు కాగితంమీద "ఈ రోజు నుండి మన ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు" అని వ్రాసుకుంటే దాని విలువ ఆ స్టాంపు వెల కంటె ఎక్కువ కాదు.

ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానో చెబుతాను. ఒకామె నా దగ్గరకు వచ్చింది. మధ్యవయస్సు మనిషి. సంచిలోంచి ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా మడిచిపెట్టిన స్టాంపు కాగితం తీసి బల్లమీద పెట్టింది.

"మా ఊరి పెద్దలు తెంపేశారు సార్. అందరి సంతకాలూ ఉన్నాయి. మొదటాయనతో నాకేం సంబంధం లేదు" అంది.

"మరి ఇప్పుడేం కావాలమ్మా?"

"రెండో ఆయన సర్కారు నౌకరీ. పోయినేడు కాలం చేశాడు. పింఛనుకు పెట్టుకుంటే మీ పెళ్ళి చెల్లదంటున్నారు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను సార్!"

పద్దెనిమిదేళ్ళు! కాని చట్టం దృష్టిలో మొదటి పెళ్ళి బ్రతికి ఉండగా జరిగిన రెండో పెళ్ళి మొదటినుంచీ చెల్లనిదే. ఆమె కులంలో అలాంటి ఆచారం ఉందని సాక్ష్యం చెప్పగల వృద్ధులు ఇంకా ఉన్నారు కాబట్టి, హోదా ప్రకటించమని దావా వేసే దారి ఆమెకు మిగిలింది. ఆ వృద్ధులూ లేకపోతే? చెల్లని పెళ్ళి వల్ల పుట్టిన పిల్లలను మాత్రం 16వ సెక్షను సక్రమ సంతానంగానే చూస్తుంది. తల్లికి ఆ పాటి ఆసరా కూడా లేదు. అప్పట్లో మొదటి భర్తతో కలిసి ఒక పరస్పరాంగీకార పిటీషను వేసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. స్టాంపు కాగితం వ్రాసినాయన ఆ మాట చెప్పలేదు, తనకే తెలియదు కాబోలు.

కొంచెం చరిత్ర. 1955కు ముందు ఆచారం ఉన్నవాళ్ళకు తప్ప హిందువులకు విడాకులన్నవి లేవని చాలామంది అంటారు. దేశమంతటికీ అది నిజం కాదు. మద్రాసు రాష్ట్రంలో 1949లోనే ద్విభార్యాత్వ నిషేధ, విడాకుల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి గనుక ఆ ప్రాంతపు హిందువులకు ఆరేళ్ళు ముందుగానే ఈ హక్కు దక్కింది. నిజాం ప్రాంతానికి ఆ చట్టం వర్తించలేదు. 1955 మే 18న హిందూ వివాహ చట్టం అమలులోకి వచ్చి మద్రాసు చట్టాన్ని రద్దుచేసి అందరినీ ఒక గొడుగు కిందికి తెచ్చింది. ఆ చట్టంలోనూ మొదట క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం అన్నవి న్యాయిక వేర్పాటుకు కారణాలే గాని విడాకులకు కారణాలు కావు. వాటిని విడాకులకు కారణాలుగా మార్చింది 1976 సవరణ. పరస్పరాంగీకార విడాకులను తెచ్చిందీ ఆ సవరణే. నేటి కోర్టుల్లో నడుస్తున్న విడాకుల కేసుల్లో అత్యధికభాగం ఆ ఒక్క సవరణ పుణ్యమే అంటే అతిశయోక్తి కాదు.

హిందువులు కానివారి సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. క్రైస్తవులకు 1869 నాటి చట్టం. 2001 దాకా అందులో భర్త వ్యభిచారి అని ఒక్కటే రుజువు చేస్తే భార్యకు సరిపోయేది కాదు, దానితోపాటు క్రూరత్వమో మరొకటో చూపాలి. పైగా జిల్లా జడ్జీ ఇచ్చిన డిక్రీని హైకోర్టు ఖాయపరచాలి. 2001 సవరణ ఈ రెంటినీ తొలగించి పరస్పరాంగీకారాన్నీ చేర్చింది. ముస్లిం స్త్రీకి 1939 చట్టం క్రింద కోర్టుకు వెళ్ళే హక్కు ఉంది. ఒకే ఊపులో మూడుసార్లు తలాక్ చెప్పడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు అన్నది, 2019లో వచ్చిన చట్టం దాన్ని నేరం కూడా చేసింది. రిజిస్ట్రారు ఆఫీసులో ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్ళి చేసుకున్న జంటలకు, వారు ఏ మతస్థులైనా, 1954 చట్టమే వర్తిస్తుంది. ఇక్కడొక చిన్న మెలిక. గుళ్ళో పెళ్ళి చేసుకుని తరువాత రిజిస్టరు చేయించుకున్నంత మాత్రాన అది ప్రత్యేక వివాహ చట్టపు పెళ్ళి కాదు. మీ సర్టిఫికెట్టు మీద ఏ చట్టం పేరు ఉందో ఒకసారి చూసుకోండి.

ఇక అసలు విషయం. విడాకులకు రెండు దారులు. ఇద్దరూ ఒప్పుకుని వెళ్ళేది ఒకటి, ఒకరు అడిగి మరొకరు కాదనేది ఇంకొకటి.

మొదటిది 13-బి సెక్షను. కనీసం ఏడాదిగా విడివిడిగా ఉంటున్నాం, కలిసి బ్రతకలేకపోయాం, విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం అని ఇద్దరూ కలిసి ఒకే పిటీషను వేస్తారు. విడివిడిగా అంటే రెండు ఊళ్ళలో ఉండాలని కాదు. ఒకే ఇంట్లో ఉంటూ భార్యాభర్తలుగా బ్రతకకపోయినా అది వేరుగా ఉండటమేనని 1991లో సురేష్టాదేవి కేసులో సుప్రీంకోర్టు అన్నది. పిటీషను వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా, ఇద్దరూ మళ్ళీ వచ్చి మా మాట మాదే అని చెప్పాలి. అప్పుడు జడ్జీ విచారించి డిక్రీ ఇస్తారు. ఈ మధ్యకాలంలో ఏ ఒక్కరికి మనసు మారినా ఒప్పుదలను వెనక్కు తీసుకోవచ్చునని కూడా ఆ కేసులోనే చెప్పారు.

ఆరు నెలలు తప్పనిసరిగా ఆగాల్సిందేనా అన్నది చాలాకాలం తగాదాగా ఉండేది. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో అది తేలింది. పిటీషను వేసేనాటికే వేరుగా ఉండి ఏడాదిన్నర దాటిపోయి, రాజీ ప్రయత్నాలన్నీ విఫలమై, మనోవర్తి, పిల్లలు మొదలైన విషయాలు తేలిపోయి, ఇంకా ఆగడం వల్ల బాధ పొడిగించడం తప్ప ఫలం లేదని తోస్తే, కోర్టు ఆ ఆరు నెలల గడువును మాఫీ చేయవచ్చు. మొదటి హాజరు అయిన వారం తరువాత అందుకు వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. మాఫీ హక్కు కాదు, జడ్జీగారి విచక్షణ. ఇది అర్థం కాక, "మా బంధువులకు నెలలోపే ఇచ్చారట, మాకెందుకు ఇవ్వరు" అని మామీద కేకలేసేవాళ్ళు ఉన్నారు.

పరస్పరాంగీకారంలో నా అనుభవం ప్రకారం ప్రాణం లాంటిది ఒప్పంద పత్రం. "ఇచ్చి పుచ్చుకోవడాలు అయిపోయాయి" అని ఒక్క ముక్క వ్రాసి ఊరుకోకూడదు. డబ్బు ఎంత, ఏ రోజున, ఏ బ్యాంకు డ్రాఫ్టుగా, మొదటి హాజరులో ఎంత, రెండో హాజరులో ఎంత వ్రాయాలి. పుట్టింటివారు పెట్టిన బంగారం, బీరువా, మంచం, స్కూటరు, స్టీలు సామాను జాబితా వేసి, అందినట్టు సంతకాలు తీసుకోవాలి. పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలి, రెండోవారు ఎప్పుడు చూడాలి, వేసవి సెలవుల్లో ఎక్కడ, చదువు ఖర్చు ఎవరిది, అదీ వ్రాయాలి. ఒకరిమీద ఒకరు పెట్టుకున్న పోలీసు కేసులుంటే అవి ఎలా ముగించేది కూడా వ్రాయాలి. ఒకసారి ఒక రోలు దగ్గర బేరం ఆగింది. అమ్మమ్మ నాటి రుబ్బురోలు! రెండు లక్షల దగ్గర పట్టుబట్టని ఆడపిల్ల తండ్రి ఆ రోలు దగ్గర పట్టుబట్టాడు. చివరకు ట్రాక్టరులో తెప్పించి ఇచ్చారు. అట్లాంటివాటిని చూసి నవ్వకూడదు, మనుషుల అభిమానం ఏ వస్తువులో ఉంటుందో చెప్పలేం.

రెండో దారి 13వ సెక్షను. వ్యభిచారం, క్రూరత్వం, రెండేళ్ళకు తక్కువ కాకుండా విడిచిపెట్టి పోవడం, మతం మారడం, కలిసి బ్రతకడానికి వీల్లేనంత మతిభ్రమణం, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం పుచ్చుకోవడం, ఏడేళ్ళుగా జాడ తెలియకపోవడం, ఇవీ కారణాలు. కుష్ఠు కూడా ఒక కారణంగా ఉండేది. అది నయమయ్యే జబ్బే గనుక 2019లో తీసేశారు. వ్యభిచారం 2018 నుండి శిక్షార్హమైన నేరం కాదు, కాని విడాకులకు కారణంగా మాత్రం నిలిచే ఉంది. భార్యకు అదనంగా మరికొన్ని ఉన్నాయి. ఉదాహరణకు, పదిహేనేళ్ళు నిండకముందే పెళ్ళి చేసిన ఆడపిల్ల పద్దెనిమిదేళ్ళ లోపు ఆ పెళ్ళి నాకు వద్దని తిరస్కరించి విడాకులు కోరవచ్చు.

ఈ జాబితాలో ఆచరణలో నడిచేవి రెండే, క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం. క్రూరత్వమంటే కొట్టడమొక్కటే కాదు. నిందలు, అవమానాలు, అబద్ధపు ఆరోపణలు, మాట్లాడకుండా ఏళ్ళ తరబడి వేధించడం, ఇవన్నీ మానసిక క్రూరత్వం కావచ్చు. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు ఉదాహరణలతో ఒక జాబితా ఇచ్చి, ఇది సంపూర్ణం కాదు సుమా అని హెచ్చరించింది. సంసారంలో వచ్చే మామూలు కీచులాటలు మాత్రం క్రూరత్వం కావు. కూరలో ఉప్పెక్కువైందన్న గొడవతో పిటీషను నిలవదు. అయితే క్రూరత్వాన్ని హత్యకేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. ఎవరి మాట ఎక్కువ నమ్మదగినదిగా ఉందో చూస్తే చాలునని 1975 నాటి దస్తానే తీర్పు. విడిచిపెట్టడానికి కూడా ఊరికే దూరంగా ఉండటం చాలదు, తిరిగి కాపురం చేసే ఉద్దేశం లేదని తేలాలి. భర్త తన్ని తరిమేస్తే పుట్టింటికి వచ్చిన భార్యను విడిచిపెట్టి పోయిందని అనడం కుదరదు. అక్కడ విడిచిపెట్టినవాడు భర్తే.

"ఇంకేమీ మిగల్లేదు, మనసులు విరిగిపోయాయి" అన్నది మన చట్టంలో కారణం కాదు. లా కమిషను 1978లో ఒకసారి, 2009లో ఒకసారి చేర్చమంది. పార్లమెంటు చేర్చలేదు. 2023 మే 1న శిల్పా శైలేష్ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం, పూర్తిగా చచ్చిపోయిన పెళ్ళిని రాజ్యాంగం 142వ అధికరణం క్రింద సుప్రీంకోర్టు రద్దుచేయవచ్చునని చెప్పింది. ఆ అధికారం ఢిల్లీకే పరిమితం. మా జిల్లా కోర్టులో ఆ తీర్పు చూపించి విడాకులు అడిగితే రావు.

పిటీషను ఎక్కడ వేయాలి? పెళ్ళి జరిగిన చోట, ఎదుటివారు ఉంటున్న చోట, ఇద్దరూ చివరిసారి కలిసి కాపురం చేసిన చోట. భార్యే పిటీషను వేస్తే ఆమె ఇప్పుడు ఉంటున్న ఊళ్ళోనూ వేయవచ్చు. ఈ చివరి సౌకర్యం 2003లో వచ్చింది. అంతకు ముందు పుట్టింట ఉన్న ఆడపిల్ల ఎక్కడెక్కడికో బస్సులెక్కి వాయిదాలకు తిరగవలసి వచ్చేది. ఫ్యామిలీ కోర్టు ఉన్న చోట అక్కడే, లేని చోట ఆ అధికారం గల సివిల్ కోర్టులో దాఖలు చేస్తారు. పెళ్ళయి ఏడాది కాకుండా సాధారణంగా పిటీషను తీసుకోరు. భరించరాని కష్టమేదైనా ఉంటే ప్రత్యేకంగా అనుమతి అడగాలి.

తీసుకురావలసిన కాగితాలు పెద్ద విశేషమేమీ కాదు. శుభలేఖ, పెళ్ళి ఫోటోలు, ఉంటే పెళ్ళి సర్టిఫికెట్టు, ఇద్దరి చిరునామా ఆధారాలు, పిల్లల పుట్టినతేదీ సర్టిఫికెట్లు. శుభలేఖ దాచుకోని ఇల్లు తెలుగుదేశంలో ఉండదనుకుంటాను. పిటీషనులో ఇద్దరూ కుమ్మక్కై వేయలేదని ఒక వాక్యం వ్రాయాలి. అది చట్టం అడిగే వాక్యం. కోర్టు నంబరు వేశాక ఎదుటివారికి సమను వెళుతుంది. ఇక్కడే చాలా కేసులు నెలల తరబడి నిలిచిపోతాయి. "ఇంట్లో లేరు", "తాళం వేసి ఉంది", "తీసుకోవడానికి నిరాకరించారు" అని తిరిగివస్తుంది. నిరాకరించడం తెలివితేటలని అనుకునేవాళ్ళకు ఒక మాట. నిరాకరిస్తే అందినట్టే లెక్క కట్టవచ్చు. దొరకకపోతే పత్రికలో ప్రకటన వేయించి, అప్పటికీ రాకపోతే ఏకపక్షంగా డిక్రీ ఇస్తారు. సమను నిజంగా అందక ఏకపక్ష డిక్రీ వచ్చినవారు, తెలిసిన రోజు నుండి ముప్పై రోజుల్లో దాన్ని తీసివేయమని అడగవచ్చు. సమను వస్తే పారిపోకండి, తీసుకోండి. కౌంటరు వేసి మీ మాట మీరు చెప్పుకోండి.

రెండోవారు హాజరయ్యాక జడ్జీగారు మొదట చేసేది రాజీ ప్రయత్నం. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం దాన్ని విధిగా పెట్టింది. కౌన్సిలరు దగ్గరకో మధ్యవర్తిత్వ కేంద్రానికో పంపుతారు. చాలామంది దీన్ని తంతుగా చూస్తారు. నేను అలా అనుకోను. కలవకపోయినా మర్యాదగా విడిపోవడానికి అక్కడే దారి దొరికిన కేసులు నాకు తెలుసు. పోరాటంగా మొదలైన కేసు మధ్యలో 13-బి కిందికి మారడం అక్కడే జరుగుతుంది. ఫ్యామిలీ కోర్టులో లాయరును పెట్టుకోవడం హక్కు కాదని, కోర్టు అనుమతిస్తేనే అని ఆ చట్టం అంటుంది. ఆచరణలో అనుమతి అడగడం, ఇవ్వడం మామూలే.

రాజీ కుదరకపోతే విచారణ. ముఖ్య సాక్ష్యం అఫిడవిట్టుగా ఇస్తారు, కాగితాలకు మార్కులు వేస్తారు, తరువాత ఎదుటి లాయరు క్రాస్ చేస్తారు. తలుపులు మూసి జరిపే విచారణ ఇది. ఊళ్ళోవాళ్ళు వచ్చి వింటారన్న భయం అక్కరలేదు, పత్రికల్లో వివరాలు వేయడమూ నిషిద్ధం. సమను అందిన ఆరు నెలల్లోపు విచారణ ముగించడానికి ప్రయత్నించాలని 21-బి సెక్షను చెబుతుంది. చెబుతుంది! వాయిదా మీద వాయిదా పడే తీరు చూసిన మా గుమాస్తా ఆ సెక్షను పేరు చెబితే నవ్వుతాడు.

కేసు నడుస్తుండగా బ్రతకడం ఎట్లా? 24వ సెక్షను క్రింద ఆదాయం లేనివారు, భార్యైనా భర్తయినా, మధ్యంతర మనోవర్తి, కోర్టు ఖర్చులు అడగవచ్చు. 2020 నవంబరులో రజనేష్ – నేహా కేసులో సుప్రీంకోర్టు, ఇరుపక్షాలూ తమ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలతో అఫిడవిట్లు వేయాలని, మనోవర్తి దరఖాస్తు పెట్టిన రోజు నుండి ఇవ్వాలని చెప్పింది. ఇది వచ్చాక "నాకు జీతం పన్నెండువేలే" అని చెప్పి కారులో దిగేవారి ఆటలు కొంత కట్టాయి. డిక్రీ తరువాత శాశ్వత భరణం 25వ సెక్షను. పుట్టింటివారు పెట్టిన నగలు, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం భార్య సొత్తు, భర్త దాన్ని కాపలా కాసేవాడు మాత్రమే. 1985లో ప్రతిభారాణి కేసులో ఇది తేటతెల్లమైంది. పిల్లల విషయంలో తల్లి హక్కు, తండ్రి హక్కు అన్నవి రెండో స్థానంలో ఉంటాయి. పిల్లవాడి మేలు మొదటిది. అయిదేళ్ళ లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారు.

విడాకుల కేసుకు ఎదురుగా తరచు పడే కేసు ఒకటి ఉంది. "కాపురానికి రమ్మని" వేసే 9వ సెక్షను పిటీషను. దీనికి మన రాష్ట్రంలో పెద్ద చరిత్ర ఉంది. సినీనటి సరితమీద ఆమె భర్త వేసిన అలాంటి కేసు హైకోర్టుకు వచ్చినప్పుడు, 1983లో జస్టిస్ పి.ఏ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేశారు. ఇష్టంలేని స్త్రీని ప్రభుత్వాజ్ఞతో కాపురానికి పంపడం ఆమె శరీరంమీద, ఏకాంతంమీద ఆమెకున్న హక్కును హరించడమేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి సంవత్సరమే సరోజ్‌రాణి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి సెక్షనును నిలబెట్టింది. నాకు మాత్రం ఇప్పటికీ చౌదరిగారి తీర్పే న్యాయమనిపిస్తుంది. సుప్రీంకోర్టు 2017లో ఏకాంత హక్కును ప్రాథమిక హక్కుగా గుర్తించాక ఆ తీర్పును తిరిగి చదివితే మరీ అనిపిస్తుంది. లా చదివే విద్యార్థులు దాన్ని తప్పక చదవాలి. ఏమైనా, 9వ సెక్షను డిక్రీ వచ్చినా పోలీసులను పంపి భార్యను లాక్కురావడం ఉండదు. మహా అయితే ఆస్తి జప్తు. అసలు ఉపయోగం వేరే. డిక్రీ వచ్చి ఏడాది గడిచినా కాపురం సాగకపోతే, ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. ఆ ఎత్తు తెలిసి వేసేవాళ్ళే ఎక్కువ.

ఈ సంచిక అమెరికాలోని మన పూర్వ విద్యార్థులకూ పోస్టులో వెళుతుందని కార్యదర్శి చెప్పాడు. కాబట్టి వారికోసం ఒక్క కేసు. 1975లో తిరుపతిలో హిందూ పద్ధతిలో పెళ్ళి చేసుకున్న ఒకాయన అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు కోర్టులో, అక్కడ తొంభై రోజుల నివాసం చూపి, పెళ్ళి తిరిగి అతకలేనంతగా విరిగిపోయిందని చెప్పి, భార్య లేకుండానే డిక్రీ తెచ్చుకున్నాడు. తిరిగివచ్చి రెండో పెళ్ళి చేసుకున్నాడు. భార్య ద్విభార్యాత్వం కేసు పెట్టింది. వై. నరసింహారావు – వై. వెంకటలక్ష్మి కేసుగా అది 1991లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ అమెరికా డిక్రీ ఇక్కడ చెల్లదని తీర్పు. పెళ్ళి ఏ చట్టం క్రింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టులో, ఆ చట్టం ఒప్పుకునే కారణంమీదనే విడాకులు రావాలి. ఎదుటివారు స్థిరంగా ఆ దేశంలోనే ఉంటూ ఉంటే, లేదా స్వచ్ఛందంగా హాజరై కేసును నిజంగా ఎదుర్కొంటే, ఆ రెంటిలోనూ మన చట్టం ఒప్పుకునే కారణమే ఉంటే అప్పుడు చెల్లుతుంది. ఎదుటివారు ఆ డిక్రీకి ఒప్పుకున్నా చెల్లుతుంది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మాయికి డల్లాసు నుండి కాగితం వచ్చి, వీసా లేక, టిక్కెట్టుకు డబ్బు లేక ఆమె వెళ్ళలేకపోతే, ఆ డిక్రీ చూసి భయపడి ఊరుకోనక్కరలేదు. అటువైపు అబ్బాయి కూడా ఆ కాగితం చేతిలో ఉంది గదా అని ఇక్కడికి వచ్చి పీటలమీద కూర్చుంటే చిక్కుల్లో పడతాడు. ఇద్దరూ ఒప్పుకున్న పక్షంలో ఇక్కడ 13-బి పిటీషను వేయడం అన్నిటికంటె క్షేమం. అందుకు నమ్మకమైనవారికి పవరు ఇచ్చి నడిపించడానికీ, వీడియో ద్వారా మాట్లాడించడానికీ కోర్టులు తరచు అనుమతిస్తున్నాయి.

డిక్రీ వచ్చిన మరునాడే పెళ్ళి ముహూర్తం పెట్టుకునేవారికి ఒక మాట. హిందూ వివాహ చట్టం క్రింద అప్పీలు గడువు తొంభై రోజులు. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో ముప్పై అని ఉంటుంది. రెంటిలో పెద్దదే లెక్క వేసుకుని, అప్పీలు పడలేదని రూఢి చేసుకున్నాకనే తిరిగి పెళ్ళి. అప్పీలు పడితే అది కొట్టేసేదాకా ఆగాలి. డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ కోర్టు ఉచితంగా ఇవ్వాలని 23వ సెక్షనులో ఉంది. అడిగి తీసుకోండి, సర్టిఫైడు కాపీలు మరి రెండు తీయించి దాచుకోండి. పాస్‌పోర్టుకూ, పింఛను నామినీ మార్పుకూ, తరువాతి పెళ్ళి రిజిస్ట్రేషనుకూ అవే అడుగుతారు.

లాయరు ఫీజు పెట్టుకోలేని స్త్రీలకు 1987 నాటి న్యాయసేవల చట్టం క్రింద, ఆదాయం ఎంత ఉన్నా సరే, ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. తెల్లకాగితంమీద సంగతి వ్రాసి, శుభలేఖ, గుర్తింపు కార్డు జతచేసి ఇస్తే చాలు. వ్రాయడం రానివారికి అక్కడే వ్రాసిపెడతారు.